అమ్మాయి స్పెషల్ బీఎడ్ అంటోంది, డీఎస్సీ సంగతేమిటి?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ, బీఎడ్ చేసి మధురవాడ వైపు ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతికి చెబుతోంది. తరగతిలో ఎంత చెప్పినా చదవడం రాని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారని, వాళ్లకు ఎలా చెప్పాలో బీఎడ్‌లో నేర్పలేదని, మళ్లీ రెండేళ్లు స్పెషల్ బీఎడ్ చేస్తానని పట్టుబట్టింది. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేస్తే చాలు, స్పెషల్ ఎడ్యుకేటర్‌గా తీసుకుంటామని పాఠశాల వాళ్లు చెబుతున్నారు. నేనేమో డీఎస్సీ కోచింగ్‌లో చేరమంటున్నాను. అలాంటి పిల్లల టీచరని పేరు పడితే రేపు సంబంధాలకు ఇబ్బంది కాదా అని ఇంట్లో అందరికీ బెంగగా ఉంది. మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: మీరు మూడు దారుల గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం చివరి నుంచి రెండో వాక్యం. ఈ బెంగతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. కొందరు దాన్ని జీతం మాటున దాచి అడుగుతారు, కొందరు భవిష్యత్తు మాటున. మీరు దాచకుండా రాశారు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం, పోలిక తరవాత.

'అలాంటి పిల్లలు' అని రాశారు. వాళ్లు ఎక్కడో విడిగా లేరండీ, మీ అమ్మాయి తరగతిలోనే కూర్చుని ఉన్నారు. రేపు డీఎస్సీలో ఎంపికై భీమిలిలోనో పెందుర్తిలోనో ప్రభుత్వ బడిలో చేరినా అక్కడా ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం అందులో ఉన్నాయి. ఆ పిల్లలను తోటి పిల్లలతో కలిపే చదివించాలని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థకూ ఆ చట్టం బాధ్యత పెట్టింది. కాబట్టి వాళ్ల జోలికి పోకుండా చేసుకునే టీచరు ఉద్యోగమంటూ ఇక లేదు. తేడా అల్లా వాళ్లకు చెప్పడం తెలిసిన టీచరా, తెలియని టీచరా అన్నదే.

సంబంధాల మాట కూడా సూటిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. రోగుల మధ్య తిరుగుతుందని డాక్టరు పిల్లను ఎవరూ వద్దనుకోరు. మరి నేర్చుకోవడంలో వెనకబడ్డ పిల్లలకు చదువు చెప్పే అమ్మాయికి పేరు పోతుందన్న భయం ఎక్కడిది? బయటివాళ్లు అనకముందే మనం ఇంట్లో అనుకోవడం వల్ల వచ్చింది. మీ అమ్మాయి తన తరగతిలో ఇద్దరు ముగ్గురు చదవలేకపోతున్నారని గమనించింది, అది తన పనేనని అనుకుంది, నేర్చుకుంటానని మీ దగ్గరికి వచ్చింది. చాలామంది టీచర్లు ఆ పిల్లలను వెనక బెంచీకి పంపించి, 'ఇంట్లో చదివించండి' అని డైరీలో రాసి ఊరుకుంటారు. మీరు గర్వపడాల్సిన చోట బెంగపడుతున్నారు. ఆ మాట ఆమె చెవిన పడి ఉంటే ఎంత నొచ్చుకుని ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

బీఎడ్‌లో నేర్పలేదని ఆమె అన్నది నిజమే. పిల్లలందరినీ కలిపి చదివించే సహిత విద్య మీద ఒక పేపరు ఉంటుంది, నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ 'రాజ్యం' అని ఉన్నచోట 'రాజం' అని, 'పుస్తకం' అని ఉన్నచోట 'పుసకం' అని చదివే పిల్లవాడి పక్కన కూర్చుని ఏం చేయాలో ఆ పేపరు చెప్పదు. వాడికి వత్తు కంటికి కనబడుతుంది, నోటికి రాదు. 'పలు', 'పాలు' రెండూ ఒకలాగే చదువుతాడు. ప, వ, ష దగ్గర తడబడతాడు. అదే పాఠం మీరు చదివి వినిపించి ప్రశ్న అడిగితే టకటకా జవాబు చెబుతాడు. పరీక్ష కాగితం మీద మాత్రం రెండు మార్కులు. ఇంట్లో తిట్లు, బడిలో తిట్లు.

అక్కడ టీచరు చేయగలిగినవి చాలా చిన్న పనులు. ఒక్క వరుస మాత్రమే కనబడేలా మధ్యలో కిటికీలాగా కోసిన అట్టముక్క ఇవ్వడం, ఆనాటి పాఠంలోంచి వత్తులున్న నాలుగైదు మాటలు తీసుకుని అక్షరం ఒక చీటీ మీద, వత్తు మరో చీటీ మీద రాసి వాడి చేతే కలిపించడం, ప్రశ్నపత్రం చదివి వినిపించి జవాబు నోటితో చెప్పించడం. చూడటానికి ఇంతే. ఏ పిల్లవాడికి ఏది, ఎప్పుడు, ఎంతకాలం, ఎప్పుడు ఆపాలి అన్నది పుస్తకంలో దొరకదు. పక్కన అనుభవజ్ఞులు ఉండి, ఈమె చెబుతుండగా చూసి, సరిదిద్ది, మళ్లీ వారం తరవాత ఏమైందని అడిగితే వస్తుంది. టీచర్ల శిక్షణలో ఏది విలువైనదో, ఏది కాదో నేను దీన్ని బట్టే చూస్తాను.

ఇంకో సంగతి. చదవలేని ప్రతి పిల్లవాడికీ డిస్లెక్సియా అంటగట్టకూడదు. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపి పట్టుబడటానికి మామూలు పిల్లలకే కొన్నేళ్లు పడుతుంది. చెవిలో తరచూ చీము వచ్చి సరిగా వినబడని పిల్లవాడు, కళ్లజోడు అవసరమై కూడా ఎవరూ గమనించని పిల్ల, ఊళ్లు మారి రెండేళ్ల చదువు పోగొట్టుకున్నవాళ్లు కూడా పైకి అలాగే కనిపిస్తారు. మన విశాఖలో భాష సంగతి మరీ ముఖ్యం. నౌకాదళంలో, పోర్టులో, స్టీలు ప్లాంటులో పనిచేసేవారి ఇళ్లలో హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే పిల్లలున్నారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి చదువుకునేవారిలో కువి, ఆదివాసీ ఒడియా ఇంటిభాషగా ఉన్నవారున్నారు. ఆ పిల్లలకు కావలసింది భాషలో చేయూత, వైకల్యం ముద్ర కాదు. ఈ తేడా తెలియని టీచరు మంచి మనసుతోనే పెద్ద హాని చేస్తుంది.

ఇక ఆ మూడు నెలల సర్టిఫికెట్. దీని మీద నాకున్న అనుమానాలు చాలానే, కాస్త ఎక్కువే రాస్తాను.

ద్వారకానగర్‌లో కోచింగ్ బోర్డుల మధ్య ఇప్పుడు ఈ కోర్సుల ప్రకటనలు కూడా కనబడుతున్నాయి. 'అంతర్జాతీయ గుర్తింపు' అని ఉంటుంది, ఎవరి గుర్తింపో ఉండదు. మన దేశంలో ప్రత్యేక విద్య కోర్సులకు గుర్తింపు ఇచ్చేది భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ. 1992లో దానికోసమే చట్టం చేశారు. ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకున్నవారే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలి. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు శిక్షకు కూడా ఆ చట్టంలో వీలుంది. సీబీఎస్ఈ తన అనుబంధ పాఠశాలల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలంటుంది కాబట్టి, ఎవరో ఒకరి పేరు చూపించడానికి యాజమాన్యాలు ఇలాంటి దగ్గరిదారులు వెతుకుతాయి. రేపు తనిఖీలోనో, ఒక తల్లి ఫిర్యాదుతోనో సమస్య వస్తే నిలబడాల్సింది మీ అమ్మాయి. ఆ పాఠశాల ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు, కానీ ఈ షరతు మీద ఆ పదవి తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ కోర్సుల్లో చెప్పేదీ నాకు నచ్చదు. పిల్లల్లో కొందరు చూసి, కొందరు విని, కొందరు చేతులతో చేసి నేర్చుకునే రకాలని, ఏ రకమో కనుక్కుని అలాగే చెప్పాలని చాలా చోట్ల మొదటి పాఠంగా బోధిస్తారు. 2008లో నలుగురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టి, ఇలా రకాన్ని బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. అయినా ఆ పాఠం ఆగలేదు. వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతామనే పరీక్షలను కూడా కొందరు ఇందులో కలిపి అమ్ముతున్నారు. వాటికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఒక్క రూపాయి కూడా పెట్టకండి. పిల్లవాడికి డిస్లెక్సియా ఉందేమో చూసుకోమని ఇచ్చే ప్రశ్నల చిట్టాలూ అంతే. ఇంగ్లిషు అక్షరాలు బి, డి తారుమారు చేస్తున్నాడా అని అడిగే ప్రశ్నలతో, ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషుతో నలిగే మన పిల్లవాడి గురించి తెలిసేది తక్కువ.

షాడో టీచర్ అన్న ఉద్యోగమూ ఇప్పుడు బాగా వినబడుతోంది. తరగతిలో ఒక పిల్లవాడి పక్కన రోజంతా ఒక మనిషి కూర్చుంటారు, జీతం తల్లిదండ్రులు ఇస్తారు. కొందరు పిల్లలకు కొంతకాలం అది అవసరమే. కానీ చాలాచోట్ల తరగతి టీచరు ఆ పిల్లవాడిని పూర్తిగా వదిలేస్తుంది, తోటి పిల్లలు దగ్గరికి రారు. తరగతిలో ఉన్నాడన్న పేరే గానీ ఒంటరివాడైపోతాడు. శిక్షణ లేకుండా మీ అమ్మాయి అందులోకి వెళ్లకపోవడం మంచిది.

స్పెషల్ బీఎడ్ సంగతికి వస్తాను. ఇది రెండేళ్ల కోర్సు. మేధోపరమైన వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, అభ్యసన వైకల్యాలు, ఆటిజం ఇలా ప్రత్యేక విభాగాలుంటాయి. చేరేటప్పుడే ఒకటి ఎంచుకోవాలి. ఏ కాలేజీకి ఏ విభాగంలో, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఉంటుంది. కాలేజీ వాళ్ల మాట కాకుండా దాన్నే నమ్మండి. ఉద్యోగాల మాటకొస్తే, సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పులో ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది, ఆపై స్థాయిలో ప్రతి 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు ఉండాలని చెప్పింది. పోస్టులు గుర్తించి ప్రకటించమని 2025లో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. మన టెట్‌లో కూడా ప్రత్యేక విద్య అభ్యర్థులకు 1-బీ, 2-బీ పేపర్లు విడిగా ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే రిసోర్స్ పర్సన్లవి మాత్రం ఒప్పంద ఉద్యోగాలే. ఈ దారిలో అడుగు పెట్టగానే స్థిరమైన జీతం వస్తుందని నేను మాట ఇవ్వలేను.

డీఎస్సీ గురించి మీకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది, సిలబస్ జోలికి వెళ్లను. ఒక్కటి గుర్తుంచుకోండి. 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పు తరవాత బీఎడ్ వారికి ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు అవకాశం లేదు. ఆమె పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంటు పోస్టుకే పోటీ పడాలి, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. దానికోసం ఉద్యోగం మానిపించి ఇంట్లో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

పక్కపక్కన పెట్టి పట్టికలో చూపిస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు. ఇందులో నిజంగా పోటీ ఉన్నది రెండింటి మధ్యే, అవి కూడా ఒకదాన్నొకటి కాదనవు. స్పెషల్ బీఎడ్ చేసినా ఆమె దగ్గరున్న మామూలు బీఎడ్ ఎక్కడికీ పోదు. నోటిఫికేషన్ వస్తే అర్హత ఉన్న పోస్టులకు రాస్తుంది, రాకపోతే చేతిలో మరో విద్య ఉంటుంది. ఈ వయసులో రెండేళ్లు వృథా అని ఎవరన్నా నమ్మకండి. భయపడేంత ఏమీ లేదు, ఆమె దారి తప్పడం లేదు.

అయితే చేరే ముందు ఈ విద్యా సంవత్సరం ఇప్పుడున్న బడిలోనే గడపమనండి. ప్రతి టీచరూ ఏటా 50 గంటల శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల కోసం ఉన్న నిష్ఠ కోర్సుల్లో సహిత విద్య పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ యాప్‌లోని ప్రశ్నావళి చూస్తే ఏం గమనించాలో అర్థమవుతుంది. అది అనుమానం వరకే, నిర్ధారణ చేయాల్సింది నిపుణులు, ధ్రువపత్రం ఇవ్వాల్సింది సదరం శిబిరంలోని వైద్యులు. వీలు చూసుకుని దగ్గర్లోని భవిత కేంద్రానికి వెళ్లి, అనుమతి తీసుకుని కొన్ని పూటలు కూర్చుని చూడమనండి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలతో రోజంతా గడపడం, డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి చదువు చెప్పడం ఒకలాంటి పనులు కావు. ఏ విభాగం తనకు సరిపోతుందో అక్కడ తేలుతుంది.

కాలేజీకి వెళ్లినప్పుడు మీరూ ఆమెతో వెళ్లండి. పిల్లలతో పని ఎన్ని రోజులు, అది మామూలు బడిలోనా ప్రత్యేక పాఠశాలలోనా, ఆమె పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చూసే అధ్యాపకులు ఎవరు అని అడగండి. మూడో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మరో కాలేజీ చూడండి. పాఠశాల యాజమాన్యంతో మాత్రం ఆమెనే మాట్లాడనివ్వండి. పదవి అక్కర్లేదు, ఆ పిల్లలతో విడిగా కూర్చోవడానికి రోజుకొక పీరియడు కావాలని అడగమనండి.