మిశ్రమ వంశం వాళ్లకు ఇమ్యూనిటీ ఎక్కువా? ట్రినిడాడ్‌లో నేను చూసింది

"కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా, భారత్, యూరప్ మూలాలు కలిసి పుట్టినవాళ్లకు ఇమ్యూనిటీ ఎక్కువంటారు, నిజమేనా? డీఎన్‌ఏ కిట్‌తో తెలుస్తుందా?" అని అడిగారు. ట్రినిడాడ్‌లో పిల్లల డాక్టరుగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

కొంతవరకు నిజమే. అమ్మ నుంచి ఒక రకం, నాన్న నుంచి ఇంకో రకం హెచ్‌ఎల్‌ఏ జన్యువులు (సొంత కణాలేవో, బయటివేవో ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టడానికి తోడ్పడేవి) వస్తే, శరీరం పసిగట్టగలిగే క్రిముల సంఖ్య పెరుగుతుంది. హెచ్‌ఐవీ సోకినవాళ్లలో ఇలాంటి తేడాలున్నవారు ఎయిడ్స్ దశకు నెమ్మదిగా చేరుతున్నట్టు 1999లోనే తేలింది. కానీ మూలకణ మార్పిడి (దాత నుంచి రక్తం తయారుచేసే కణాలు తీసి ఎక్కించడం) కావాల్సి వచ్చిన రోజున ఆ తేడాలే అడ్డం పడతాయి, ఎందుకంటే దాత హెచ్‌ఎల్‌ఏ రకాలు రోగి రకాలతో కలవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అక్కడ మా దగ్గరికి ఒక పాప వచ్చేది. అమ్మది ఆఫ్రికన్ మూలం, నాన్నది భారతీయ మూలం. అలాంటివాళ్లను అక్కడ డగ్లా అంటారు. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు దాదాపు 8 శాతం. పాపకు అమ్మ వైపు నుంచి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) జన్యువు, నాన్న వైపు నుంచి బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ తగ్గే జబ్బు) జన్యువు వచ్చాయి. రెండూ కలిసి ఒకే జబ్బయ్యాయి. నొప్పి మొదలైతే ఆ పిల్ల మంచం మీద మోకాళ్లు ముడుచుకుని, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మార్పిడి చేయించాలని అన్నయ్యకు పరీక్ష చేయించారు. తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. కలవలేదు. నేను రిపోర్టు ముందు పెట్టుకుని వాళ్లకు వివరించాను. పాపకు నాన్న నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏ రకాల వరస ఏ 33:03, బి 44:03, డీఆర్ 07:01. ఇది మన దేశంలో బాగా కనిపించేదే. అమ్మ నుంచి వచ్చింది ఏ 30:01, బి 42:01, డీఆర్ 03:02. ఇది ఆఫ్రికా మూలాలవాళ్లలో మామూలు. విడివిడిగా రెండూ అరుదైనవి కావు. రెండూ ఒకే మనిషిలో దొరకాలంటే ఎక్కువగా వెతకాల్సింది ట్రినిడాడ్, గయానా లాంటి చోట్ల పుట్టినవాళ్లలో, లేదా అక్కడి నుంచి న్యూయార్క్, టొరంటో వెళ్లినవాళ్ల బిడ్డల్లో.

అంతా విని ఆ నాన్న, "మా ముత్తాత మద్రాసు ఓడలో వచ్చాడంటారు డాక్టర్. మీ ఊళ్లో వెతికితే దొరుకుతారా?" అని అడిగాడు. 1845 నుంచి 1917 దాకా సుమారు 1,44,000 మంది భారతీయులు ఆ దీవికి కూలీలుగా వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొద్దిమంది మద్రాసు నుంచి. మా ఊళ్లో దొరికినా సగమే కలుస్తుందని చెప్పాల్సి వచ్చింది. నేను అక్కడున్నంత కాలం పాపకు హైడ్రాక్సీయూరియా అనే, నొప్పి దాడులు తగ్గించే మందుతోనే నెట్టుకొచ్చాం.

మూలకణాలు ఇస్తామని ముందుకొచ్చే దాతల జాబితా, అంటే రిజిస్ట్రీ, ఫారాలంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చూసిన ఒక ఫారంలో జాతి దగ్గర ఒక్క గడిలోనే టిక్ పెట్టాలి. ఆ పాప ఏ గడిలో పెట్టాలి? అమెరికా రిజిస్ట్రీ మీద 2014లో వచ్చిన అధ్యయనంలో యూరప్ మూలాల తెల్లవారికి సరిపోయే దాత దొరికే అవకాశం 75 శాతం. దక్షిణ, మధ్య అమెరికా నల్లజాతివారికి 16 శాతం. దాతలుగా చేరినవాళ్లు తక్కువ కావడం దీనికి పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. వైవిధ్యాన్ని మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.

మన వైపు కథ వేరు. మేనరికాలు ఉన్న ఇళ్లలో తోబుట్టువులు కలవకపోయినా, ఒక్కోసారి అమ్మో నాన్నో మేనత్త పిల్లలో పూర్తిగా కలుస్తారు. అందుకే అలాంటి కుటుంబాల్లో దగ్గరి బంధువులందరికీ టైపింగ్, అంటే హెచ్‌ఎల్‌ఏ రకాల పరీక్ష, చేయించమంటాను. జబ్బుల కోణంలో మేనరికాన్ని నేను సమర్థించను, అది వేరే విషయం.

ఇక డీఎన్‌ఏ కిట్ల సంగతి. అవి మీ పూర్వీకులు ఏ ఖండంవాళ్లో శాతాల్లో చెబుతాయి. దాన్నిబట్టి మీ ఇమ్యూనిటీ ఎంతో తేలదు. మార్పిడికి కావలసినంత వివరంగా హెచ్‌ఎల్‌ఏ రకాలు తెలియాలంటే ఆసుపత్రి ద్వారా టైపింగ్ చేయించుకోవాల్సిందే.