డాక్టర్ సలహా: బాలింతకి నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఉన్న మాత్ర ఇవ్వచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా పాపకి 7 వారాలు, ఆపరేషన్ చేసి తీశారు. సాయంత్రం అయితే చాలు, రెండు గంటలు ఆపకుండా ఏడుస్తోంది. పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టమంటున్నారు, ఏ కంపెనీది మంచిది? మా ఆవిడ కూడా సరిగ్గా తినట్లేదు, పాప పడుకున్నా తను పడుకోదు, బాత్రూంలోకెళ్లి ఏడుస్తోంది. పది రోజులుగా మా అమ్మ వేసుకునే నిద్ర మాత్ర సగం ఇస్తున్నాం. మొన్న "పాపని మీ అక్కకి ఇచ్చేయండి, నేను లేకపోతేనే బాగుంటుంది" అంది, అలిగిందనుకున్నాం. నాకూ షిఫ్ట్ దిగాక ఇంటికెళ్లాలనిపించట్లేదు. తనకి ఏం టానిక్ వాడాలి?
- ఒక పాఠకుడు

జవాబు: బాబూ, పాలడబ్బా సంగతి చివర్లో చెప్తాను. మధ్యలో రెండు విషయాలు ఒక్కో ముక్కలో రాసేసి వదిలేశారు, అవి చదివాక బయట పేషెంట్లని కాసేపు కూర్చోమని చెప్పి ఇది రాస్తున్నాను.

మొదటిది ఆవిడ అన్న మాట. "నేను లేకపోతేనే బాగుంటుంది" అని బాలింత అంటే అది అలక అనుకోకూడదు. ఆవిడని నేను చూడలేదు, చూడకుండా ఫలానా జబ్బని రాయడం తప్పు, రాయను కూడా, కానీ ఈ మాట విన్నాక టానిక్ పేరు చెప్పి ఊరుకోలేను. ఇవాళ, మరీ కుదరకపోతే రేపు పొద్దున్న, సైకియాట్రిస్ట్‌కి చూపించండి. అప్పటిదాకా ఆవిడని ఒంటరిగా ఉంచద్దు, రాత్రి పాపతో ఒక్కదాన్నే గదిలో పడుకోబెట్టద్దు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ చేతికందకుండా తీసేయండి. పక్కన కూర్చుని నిదానంగా "చచ్చిపోవాలని గానీ, పాపని ఏమైనా చేయాలని గానీ ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం, అలా ఏం జరగదు, చాలామంది ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఇక రేపటిదాకా ఆగద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416 నంబరుంది, ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, మీరైనా చేయచ్చు ఆవిడైనా చేయచ్చు.

ఇంకోటి, ఎవరూ లేకుండా మాటలు వినబడుతున్నాయన్నా, పాప నా పాప కాదన్నా, ఇంట్లోవాళ్లని అనుమానించినా, అస్సలు నిద్రపోకుండా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోవద్దు. అది వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే సైకోసిస్, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది కానీ తర్వాత కూడా రావచ్చు, గుండెపోటంత ఎమర్జెన్సీ. 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగద్దు.

రెండోది ఆ సగం మాత్ర. దీని గురించి కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. వారానికి ఇద్దరు ముగ్గురు తల్లులైనా ఇదే చెప్తారు, అత్తగారిదో అమ్మమ్మదో స్ట్రిప్, "సగమే కదండీ" అని. మీ అమ్మగారిది ఏ మాత్రో మీరు రాయలేదు. ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది అల్ప్రాజోలం, చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్1లో పెట్టిన మందు అది, అయినా ఇంట్లో ఒకరికి రాసింది ఇంకొకరు వేసేసుకుంటున్నారు. దాంట్లో కొంత పాలలోకి వెళ్తుంది. పాప మత్తుగా పడుకుంటే "అబ్బ, ఇవాళ బాగా పడుకుంది" అని సంతోషిస్తాం, కానీ అసలు చూడాల్సింది అప్పుడే. పాప పాలకి లేవకపోయినా, చప్పరించే బలం లేకపోయినా, ఊపిరి నెమ్మదిగా లేదా తేడాగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మాత్ర వేసుకున్న మనిషి పక్కన అదే మంచం మీద పాపని పడుకోబెట్టద్దు, మత్తులో పక్కకి దొర్లితే తెలియదు. అన్నిటికంటే పెద్ద నష్టం ఏంటంటే ఆ సగం మాత్ర దిగులుని తగ్గించదు, కప్పి పెడుతుంది. ఏడుపు కాస్త తగ్గినట్టుంటుంది, ఇంట్లోవాళ్లు కుదుటపడిందనుకుంటారు, అలా రెండు నెలలు పోతాయి. ఇంకా పెంచద్దు, వేరేది కలపద్దు, ఎలా ఆపాలో ఆ డాక్టర్‌నే అడగండి, పది రోజులు వేశామన్న సంగతి మాత్రం దాచకండి.

కాన్పయిన రెండో మూడో రోజు నుంచి ఊరికే కళ్లనీళ్లు రావడం, చిరాకు, చాలామంది తల్లులకి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. మీకు ఏడు వారాలైంది. రెండు వారాలు దాటి పోలేదంటే అది వేరే కథ, కాన్పు తర్వాత డిప్రెషన్ అయ్యుండచ్చు. మన దేశంలో జరిగిన స్టడీలన్నీ కలిపి 2017లో లెక్కేస్తే సుమారు 22 శాతం తల్లుల్లో కనబడింది, అంటే ఐదుగురిలో ఒకరికి. మీ వీధిలో ఇంకెవరికీ లేదనుకుంటున్నారేమో, ఉంది, చెప్పరంతే. పాప పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం అన్నది నేను ముందుగా చూసే గుర్తు. పాప లేపితే నిద్ర చెడిపోవడం మామూలే, అవకాశం ఉన్నా కన్ను మూతపడకపోతే మాత్రం మామూలు కాదు. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో పసిగట్టడానికి సైకియాట్రిస్ట్ 10 ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ అడగచ్చు, 1987 నుంచి వాడుతున్నదే, ఐదు నిమిషాల పని.

ఆవిడకి రక్తం, థైరాయిడ్ టెస్టులు కూడా చేయించండి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుంది. పత్యం పేరుతో అన్నం, కారప్పొడి తప్ప ఏమీ పెట్టకుండా, నీళ్లు కూడా తాగనివ్వకుండా, మన వైజాగ్ ఉక్కపోతలో కిటికీలు మూసేసి ఉంచుతున్నారేమో చూడండి. కూర, పప్పు, గుడ్డు, పాలు, కావలసినన్ని నీళ్లు ఇవ్వండి. పాలిచ్చే మనిషి కదా.

సైకియాట్రిస్ట్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "మా పిల్లకేమైనా పిచ్చా" అంటారు, చినవాల్తేరు పేరు ఎత్తితే చాలు గొడవ. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ చూస్తారు, చూపించుకుని మందులు తీసుకుని ఇంటికొచ్చేయచ్చు, లేదా మీకు దగ్గర్లో ప్రైవేట్ సైకియాట్రిస్ట్ దగ్గరికైనా వెళ్లండి, ఎక్కడన్నది కాదు, ఎప్పుడన్నది ముఖ్యం. మందులిస్తే పాలు ఆపేయాలని కూడా భయపడతారు. అన్ని మందులకీ అక్కర్లేదు, సెర్‌ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి చాలా తక్కువ వెళ్తాయి, పాలిచ్చే తల్లులకి వాడతారు, కానీ ఇక్కడ పేరు చదివి షాపులో కొనకండి, మళ్లీ అదే తప్పు. కొందరికి కౌన్సెలింగ్‌తోనే తగ్గుతుంది, అది చూసిన డాక్టరు చెప్పాలి. అడ్మిట్ చేయాల్సొచ్చినా తల్లీబిడ్డల్ని విడదీస్తారని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదనే ఉంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అయితే ఇద్దర్నీ కలిపి చేర్చుకునే వార్డే ఉంది. అలాంటిది మన వైపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండాలని నా కోరిక.

ఇక్కడ మా తప్పు కూడా ఉంది. నేను పిల్లల డాక్టర్ని, 6 వారాల టీకాకి పాపని తెస్తే బరువు చూస్తాం, తల కొలుస్తాం, సూది వేస్తాం, ఎత్తుకున్న తల్లి ముఖం చూడం. నేనూ చాలా ఏళ్లు చూడలేదు. ఇప్పుడు "అమ్మా, నిద్ర పడుతోందా? దేని మీదైనా మనసు పోతోందా?" అని అడుగుతున్నా, కొందరు అక్కడే ఏడ్చేస్తారు. ఆశా వర్కర్ కూడా ఆసుపత్రి కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి వస్తుంది, ఆ ఆరుసార్లలో ఒక్కసారైనా తల్లిని పక్కకి పిలిచి ఈ రెండు ప్రశ్నలు అడిగితే ఎన్ని ఇళ్లు నిలబడతాయో. తల్లి దిగులుగా ఉంటే పాప నవ్వినా తిరిగి నవ్వలేదు, ఊ కొట్టలేదు, పాలివ్వడం కూడా కష్టమే, పిల్ల ఎదుగుదల మీద ఆ ప్రభావం ఉంటుంది. అందుకే ఇద్దరికీ కలిపే వైద్యం.

మీ సంగతి. షిఫ్ట్ దిగాక ఇంటికెళ్లాలనిపించట్లేదన్నారు, అది రాసినందుకు మెచ్చుకుంటున్నాను. కొత్తగా తండ్రైన వాళ్లలో కూడా దాదాపు పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, మగవాళ్లలో అది కోపంగానో, తాగుడుగానో, ఇంటికి లేటుగా రావడంగానో బయటపడుతుంది. ఆవిడని చూపించేటప్పుడు మీ గురించి కూడా చెప్పండి. నైట్ షిఫ్ట్ కొన్నాళ్లు మార్చమని అడగండి. రాత్రి ఒక నాలుగైదు గంటలు వరసగా ఆవిడ పడుకునేలా పాపని మీరో మీ అమ్మగారో చూసుకోండి, పాలకి మాత్రమే లేపండి లేదా పిండి ఉంచిన పాలు పట్టండి, ఇదొక్కటీ చాలా మార్పు తెస్తుంది.

ఇక పాప ఏడుపు. ఆరేడు వారాలకి సాయంత్రం ఏడుపు ఎక్కువగా ఉండటం మామూలే, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. రోజుకి ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువ ఉచ్చ పోస్తూ, వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే, డబ్బా అక్కర్లేదు. అయినా ఒకసారి తూకం వేయించండి. జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం ఉంటే ఆగద్దు. నిద్రపోవాలని పాపకి ఏ మత్తు సిరప్పూ వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడ డిశ్చార్జ్ కాగితాలూ, ఆ మాత్రల స్ట్రిప్పూ తప్పకుండా పట్టుకెళ్లండి.