ఆ పాత ట్రాన్స్‌మిటర్‌కు మళ్లీ ఫ్యూజు వేయకండి

మాస్టారూ, అమలాపురం దగ్గరి మీ కమ్యూనిటీ రేడియోలో ఎనిమిదేళ్లుగా మూలనున్న 50 వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌ను తుపాను రోజులకు సిద్ధం చేద్దామనుకుంటే, స్విచ్ వేయగానే ఫ్యూజు పోయిందన్నారు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో ఇది చాలా మంచి ఆలోచన.

నా అనుమానం పవర్ సప్లైలోని పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల (ఛార్జి నిల్వచేసుకునే డబ్బాల్లాంటి భాగాలు) మీద. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే లోపలి ఆక్సైడ్ పొర పలచబడి లీకేజీ, అంటే లోపలే కరెంటు కారిపోవడం, పెరుగుతుంది; దాంతో ఫ్యూజు పోవచ్చు. పైభాగం ఉబ్బకపోయినా కొత్తవి, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయించండి. ముట్టుకునే ముందు రెసిస్టర్‌తో వాటి ఛార్జి తీసేసి, మీటరుతో సున్నా చూసుకోవాలి. మీది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమన్నారు కాబట్టి, మొదటిసారి 100 వాట్ల పాత రకం బల్బును సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లేలా, పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే ఇంకెక్కడో షార్ట్ ఉన్నట్టు.

ఉప్పుగాలిని తేలికగా తీసుకోకండి. రాజోలు వైపు నేను విప్పిన ఒక కనెక్టర్ పైకి తళతళలాడుతోంది, లోపలి పిన్ను నిండా పచ్చటి చిలుము! గీకడం వృథా, మార్చేయండి.

యాంటెన్నాకు కలిపే ముందు 50 ఓమ్‌ల డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పెట్టే, శక్తిని వేడిగా మార్చే రెసిస్టర్) మీద గంటసేపు నడపండి. కలపడానికి టీవీ కేబుల్ వాడొద్దు; అది 75 ఓమ్‌లది, పనికిరాదు. తర్వాత నెలకోసారి జనరేటర్ మీద అరగంట నడిపితే చాలు.