స్కై దీవిలో శాకాహారి అత్తయ్యతో నాలుగు రోజులు: ఎక్కడ తిన్నాం, ఎక్కడ పస్తున్నాం

మీరు అడిగింది ఇదీ: జూన్‌లో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళతో స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో నాలుగు రోజులు కారులో తిరగాలి, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు, నాన్నగారికి చేప ఉంటే చాలు. బయట తిని నెట్టుకురాగలమా, కుక్కర్ మోసుకెళ్ళాలా?

రెండూ చెయ్యండి. మధ్యాహ్నం బయట తినండి, ఒక చిన్న రైస్ కుక్కర్ మాత్రం కారు డిక్కీలో పడెయ్యండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మేం గ్లాస్గోలో ఉంటాం. రెండేళ్ళ కిందట మేమూ జూన్‌లోనే, భీమవరం నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్యలతో వెళ్ళాం. ఇంచుమించు మీ ఇంటి లెక్కే. అత్తయ్య కాశీకి వెళ్ళొచ్చాక నీచు పూర్తిగా వదిలేశారు. మావయ్య ముప్పై ఏళ్ళుగా రొయ్యల చెరువుల మీద బతికిన మనిషి, రొయ్యను చేత్తో పట్టుకుంటే చాలు కౌంట్ ఎంతో, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తారు. మధ్యలో నేను, మా ఆయన, ఆరేళ్ళ పిల్ల.

గ్లాస్గో నుంచి స్కైలోని పెద్ద ఊరు పోర్ట్రీకి 210 మైళ్ళ పైనే. ఆగకుండా తోలితే ఐదు గంటలు, పెద్దవాళ్ళతో ఎనిమిది. దారిలో గ్లెన్‌కోలో ఆగడం, ఫోటోలు, ఫ్లాస్కులో కాఫీ అన్నీ అయ్యి, సాయంత్రం ఐదున్నరకు మేం తీసుకున్న కాటేజీకి చేరాం. బయట పట్టపగల్లా ఉంది. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదింటిక్కూడా దిగడు. సరే, ఎలాగూ వెలుతురుంది కదా, క్విరాంగ్ కొండలు చూసొచ్చి నింపాదిగా భోంచేద్దాం అనుకున్నాం. నేను చేసిన పెద్ద తప్పు అదే.

తిరిగి పోర్ట్రీలో దిగేసరికి తొమ్మిదీ పది. ఎండ ఇంకా మా మొహాల మీదే కొడుతోంది. మొదటి చోట కిచెన్ మూసేశారు. రెండో చోట లోపల జనం ఉన్నారు కానీ అందరి ముందూ ఐస్‌క్రీమ్ గిన్నెలే, కొత్త ఆర్డర్ తీసుకోరు. మూడో చోట టేబుల్ బుక్ చేశారా అని అడిగారు. నాలుగో చోట బల్లల మీద కుర్చీలు ఎక్కించేస్తున్నారు. చివరికి కో-ఆప్ సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్డు, చీజ్, చిప్స్ ప్యాకెట్లు, అరటిపళ్ళు కొని, రేవు దగ్గర కారు ఆపుకుని, ప్రతి పోస్ట్‌కార్డు మీదా కనిపించే ఆ రంగురంగుల ఇళ్ళను చూస్తూ తిన్నాం. మావయ్య మాత్రం ఒకటే మాట: "ఇంత వెలుతురు పెట్టుకుని పొయ్యి ఆర్పేయడమేంటమ్మా?"

మన కళ్ళు ఎండను చూసి ఇంకా సాయంత్రమే అనుకుంటాయి, వాళ్ళ వంటవాడు గడియారం చూసుకుని వెళ్ళిపోతాడు. చాలా చోట్ల మధ్యాహ్న భోజనం రెండు, రెండున్నరకు ఆపేస్తారు, రాత్రిది ఎనిమిదిన్నర, తొమ్మిదికి. మధ్యలో కేఫ్‌లో కేకు, టీ దొరుకుతాయి కానీ పొయ్యి మీద వండింది కష్టం. దానికితోడు ఆదివారం, సోమవారం సెలవు పెట్టుకునే చోట్లు చాలా ఉన్నాయి. పోర్ట్రీ దాటితే ఒక హోటల్‌కీ ఇంకో హోటల్‌కీ మధ్య అరగంట ప్రయాణం ఉండొచ్చు, అదీ ఒకే కారు పట్టే రోడ్డు మీద, ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకుని ఆగుతూ. ఫోన్ సిగ్నల్ సగం చోట్ల ఉండదు, దారిలో వెతుక్కుందాంలే అనుకుంటే కుదరదు. ముందురోజు రాత్రే రేపు ఎక్కడ తింటామో రాసి పెట్టుకోండి, మ్యాప్ ఫోన్‌లోకి దించుకోండి.

రెండో రోజు నుంచి మేం ఆసుపత్రి వేళలు పాటించాం. పన్నెండింటికి భోజనం, ఐదున్నరకి రాత్రి భోజనం. ఐదున్నరకి టేబుల్ దొరకడం తేలిక, ఏడింటికి కావాలంటే జూన్‌లో వారాల ముందే చెప్పుకోవాలి. మొదట్లో అత్తయ్య "ఐదింటికి అన్నమా, సత్రంలోలా" అన్నారు కానీ దీనివల్ల ఇంకో లాభం కలిసొచ్చింది. ఆరున్నరకి తిని లేస్తే ఇంకా నాలుగు గంటల పగలుంటుంది. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ దగ్గర పగలంతా కారు పెట్టుకోవడానికి కొట్టుకుంటారు, మేం ఏడున్నరకి వెళ్తే పార్కింగ్ సగం ఖాళీ. పెద్దవాళ్ళు కొండ ఎక్కలేకపోయినా కింద నుంచే ఆ రాతి స్తంభాన్ని చూశారు.

ఇక అమ్మగారి సంగతి. మెనూలో 'వి' అక్షరం ఉంటే శాకాహారం, 'విజి' అని ఉంటే పాలు, గుడ్డు కూడా లేనిది. 'వి' చూసి మోసపోకండి, వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. గుడ్డు వద్దు అని విడిగా చెప్పాలి. ఏ వంటకంలో గుడ్డు ఉందో, పాలున్నాయో అలర్జీ సమాచారం కింద అడిగితే చెప్పి తీరాలని ఇక్కడ చట్టం ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వాళ్ళు విసుక్కోరు, ఫైలు తెచ్చి చూసి మరీ చెప్తారు.

మాకు తగిలిన ఉచ్చులు రెండు. ఒకటి లెంటిల్ సూప్. ఎర్ర కందిపప్పు, క్యారెట్, ఉల్లిపాయ వేసి చేస్తారు. చూడ్డానికి అచ్చం మన పప్పుచారు, వాసన కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఎందుకైనా మంచిదని అడిగితే, ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, పంది ఎముక ఉడికించిన నీళ్ళతో చేశామండీ అంది. స్కాట్లాండ్‌లో పాత పద్ధతి అదేనట, ఇళ్ళలోనూ అంతే. కూరగాయల నీళ్ళతో చేసేవాళ్ళూ చాలామందే ఉన్నారు, కానీ అడక్కుండా చెంచా ముంచొద్దు. రెండోది చిప్స్, ప్యాకెట్‌లోవి కాదు, వేడిగా వేయించి ఇచ్చే లావు బంగాళాదుంప ముక్కలు. బంగాళాదుంపే కదా అనుకుంటాం, కొన్ని చేపల దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే చోటైనా చేపా అదే నూనెలో దిగుతుంది. మీ అమ్మగారు ఎంతవరకు పట్టించుకుంటారో మీకే తెలియాలి. మా అత్తయ్య విన్నాక చిప్స్ మానేశారు, మా పిల్ల మానలేదు.

ఆవిడకి నిజంగా నచ్చినవి చెప్తాను. పొద్దున్నే ఓట్స్ పారిడ్జ్. పాలతో కాకుండా నీళ్ళతో, పంచదార లేకుండా చేసిమ్మంటే వింతగా చూడరు, ఉప్పు వేసుకుని తినడం స్కాట్లాండ్‌లో పాత అలవాటే. అత్తయ్య అందులో పెరుగు కలిపి, డబ్బాలోంచి నిమ్మకాయ పచ్చడి తీసి నంజుకున్నారు. మా ఊళ్ళో చోడి జావ కంటే ఏం తక్కువ అన్నారు. టాటీ స్కోన్ అని ఉడికించిన బంగాళాదుంప, పిండి కలిపి పెనం మీద కాల్చేది ఉంటుంది, మసాలా లేని ఆలూ పరాటా అనుకోండి. పొద్దుటి టిఫిన్‌లో అది, పుట్టగొడుగులు, టమాటా, బీన్స్ పెట్టించుకుంటే కడుపు నిండుతుంది. బేకన్ (పంది మాంసం) వేయించిన పెనం మీద వద్దు అని ఒక్క మాట చెప్పండి. హ్యాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి చేసేది, అయితే పప్పుధాన్యాలతో చేసే శాకాహార హ్యాగిస్ కూడా వేరే దొరుకుతుంది, మిరియాల ఘాటు బావుంటుంది. తీపి ఇష్టమైతే టాబ్లెట్ కొనండి. పంచదార, వెన్న, పాలు మరగబెట్టి ముక్కలు కోసేది. నోట్లో వేసుకోగానే అత్తయ్య "పాలకోవా మాడింది" అన్నారు, తర్వాత ప్యాకెట్ ఆవిడ సంచీలోనే ఉంది.

నాన్నగారికి మాత్రం ఆ దీవి అత్తారిల్లే. ఫెయిరీ పూల్స్ అనే కొండవాగు మడుగులు చూసే రోజున కార్‌బోస్ట్ కలుపుకోండి, దగ్గరే. 1830లో మొదలైన టాలిస్కర్ విస్కీ డిస్టిలరీ ఉన్న ఊరు అది. దాని పైన కొండవాలులో ఆయిస్టర్ షెడ్ అని ఉంది, పేరుకు తగ్గట్టే షెడ్డు. ఆయిస్టర్లు, స్కాలప్స్ (రెండూ సముద్రపు గుల్లలు), లాంగుస్టీన్లు అట్టపెట్టెలో పెట్టిస్తారు, నిలబడో బయట కూర్చునో తినాలి. సాయంత్రందాకా ఆగకండి, మధ్యాహ్నమే వెళ్ళండి. లాంగుస్టీన్‌ను అక్కడి జాలర్లు రొయ్య అనే అంటారు కానీ పెద్ద గోళ్ళుంటాయి, ఎండ్రకాయకీ రొయ్యకీ పుట్టినట్టుంటుంది. బుట్టల్లాంటి బోనులు సముద్రం అడుగున దింపి పడతారు. మావయ్య పెట్టె ముందేసుకుని, మేం ఒకటి ఒలిచేలోపు నాలుగు ఒలిచి పిల్లకి పెట్టారు. కారం లేదు, మసాలా లేదు, వెన్నా వెల్లుల్లీ అంతే. "సరుకు మంచిదైతే మసాలా దేనికి" అన్నారు, ఇంట్లో ఏనాడూ అనని మాట. ఇక్కడ పట్టే వాటిలో చాలా భాగం స్పెయిన్, ఫ్రాన్స్‌లకు పోతుందని మా ఆయన చెప్తే, "మన దగ్గరా అంతేగా, మంచి కౌంటంతా కంటైనర్ ఎక్కాల్సిందే" అని నవ్వారు.

చేపల దుకాణంలో 'ఫిష్ సప్పర్' అంటే చేపతోపాటు చిప్స్ కూడా, ఏ పూట తిన్నా సప్పరే. చేప ఎక్కువగా హాడక్ ఉంటుంది, ముల్లు ఉండదు. ఒక సప్పర్ ఇద్దరు పెద్దవాళ్ళకి సరిపోతుంది. కల్లెన్ స్కింక్ అనే సూప్ కూడా ఇప్పించండి, పొగబెట్టిన హాడక్, బంగాళాదుంప, పాలు. పాలూ చేపా కలపకూడదనే పట్టింపు మీ ఇంట్లో ఉంటే వద్దు, మావయ్య ఆ పట్టింపును ఒక పూట పక్కన పెట్టారు.

డిస్టిలరీకి వెళ్తే ఒక జాగ్రత్త. తాగి బండి నడిపే విషయంలో స్కాట్లాండ్ పరిమితి 2014 చివరి నుంచి ఇంగ్లండ్ కంటే తక్కువ. రుచి చూడటమే కదా అని డ్రైవరు గ్లాసు పట్టుకోకూడదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. మేం వెళ్ళినప్పుడు కేఫ్‌లో సూప్, బ్రెడ్ 7-8 పౌండ్లు, పబ్‌లో ఒక ప్లేటు 16 నుంచి 22 దాకా అయ్యాయి. మద్యం అమ్మే లైసెన్సున్న చోట్ల మంచినీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, సీసా కొనక్కర్లేదు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసిమ్మంటే కేఫ్‌లో ఎవరూ కాదనలేదు. 1985 నుంచి కోల్‌బోస్ట్‌లో ఉన్న త్రీ చిమ్నీస్ రెస్టారెంట్ పేరు మీరు చదివే ఉంటారు, అక్కడికి మేం వెళ్ళలేదు. ఉప్పూకారం తక్కువైందని అత్తయ్య అనే చోటికి అంత ఖర్చు పెట్టి తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. మీరిద్దరే ఇంకోసారి వెళ్ళినప్పుడు చూసుకోండి.

పోర్ట్రీలోనూ బ్రాడ్‌ఫోర్డ్‌లోనూ ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. దోసె, ఇడ్లీ ఆశ పెట్టుకోకండి, బ్రిటన్ పద్ధతి కర్రీలే. అయినా మూడో రోజు రాత్రి వేడన్నం, తాలింపు పెట్టిన పప్పు, అడిగితే తెచ్చిచ్చిన రెండు పచ్చిమిరపకాయలు చూసి అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. అక్కడా బుకింగ్ కావాలి.

వీలైతే హోటల్ గది కాకుండా వంటిల్లున్న కాటేజీ తీసుకోండి. బియ్యం, కందిపప్పు, పోపు సామాను ఇంటినుంచి తెచ్చుకోండి. కూరగాయలు, పాలు పోర్ట్రీ, బ్రాడ్‌ఫోర్డ్ కో-ఆప్‌లలో దొరుకుతాయి, కాకపోతే వచ్చే దారిలో ఫోర్ట్ విలియమ్ సూపర్‌మార్కెట్లలో సరుకు ఇంకా ఎక్కువ. ఏమీ కలపని పెరుగు డబ్బా కొంటే దద్ధోజనం అయిపోతుంది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే, నీస్ట్ పాయింట్ లాంటి మూలకు వెళ్ళిన రోజు హోటల్ కోసం వెతుకులాట తప్పుతుంది. అమ్మగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి, విమానంలో నెయ్యి, పాలకోవా తేవద్దని. ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం ఇక్కడ నిషిద్ధం. మా అత్తయ్య నెయ్యి సీసా విమానాశ్రయంలోనే ఉండిపోయింది, ఆ బెంగ స్కై దాకా వచ్చింది.

రోడ్డు పక్కన చిన్న చెక్కపెట్టెలు, గూళ్ళు కనిపిస్తే ఆగండి. లోపల ఇంట్లో చేసిన కేకులు, బిస్కెట్లు, కోడిగుడ్లు పెట్టి ధర రాసి ఉంటుంది, మనిషి ఉండరు. డబ్బాలో డబ్బులేసి తీసుకోవడమే. చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. గుడ్డు ఉంటుందని అత్తయ్య కేకు తినకపోయినా, ఐదు పౌండ్ల నోటుకి చిల్లర లేక ఆవిడే నోటు మొత్తం వేయించేశారు, కాపలా లేని చోట తక్కువ వేస్తే పాపమని.

ఇంకొకటి, బయట బల్లల మీద కూర్చుని తినాలని అందరికీ ఉంటుంది, ఎదురుగా సముద్రం కదా. గాలి వీస్తుంటే కూర్చోండి. గాలి పడిపోయిన సాయంత్రం మాత్రం లోపలే టేబుల్ అడగండి. మిడ్జెస్ అని నలుసంత దోమలు మబ్బులా దిగుతాయి, జూన్ వాటి నెలే. మావయ్య ఐదు నిమిషాలు మొండికేసి కూర్చుని, తర్వాత ప్లేటు పట్టుకుని లోపలికి పరిగెత్తారు, టీ కప్పు బయటే వదిలేసి.