అత్తగారి వంటల పుస్తకం ఎంత పలుకుతుంది?

ప్రశ్న: మా అత్తగారి ట్రంకుపెట్టెలో పాత తెలుగు వంటల పుస్తకం దొరికింది. పై అట్ట, మొదటి కాగితాలు లేవు. వెనక అట్ట మీద 'వెల రూ. 2-50 న.పై.' అని ఉంది. లోపలంతా నూనె మరకలు, అంచుల్లో ఆవిడ రాసుకున్న కొలతలు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంతలో ఒకాయన రెండొందలు ఇస్తానన్నాడు. మా అబ్బాయేమో ఇలాంటిదే ఆన్‌లైన్‌లో పదిహేను వేలకు పెట్టారంటున్నాడు. బైండింగ్ చేయించి అమ్మమంటారా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పదిహేను వేలనేది అమ్మేవాడి ఆశ. ఆ పుస్తకాన్ని ఎవరైనా ఆ ధరకు కొన్నారా, లేక ఇంకా అలాగే పడి ఉందా చూడమనండి మీ అబ్బాయిని. ఇక ఆబిడ్స్ ఆయన్ని తిట్టుకోకండి. కొనేవాడు దొరికేదాకా దాన్ని ప్రతివారం మూటగట్టి మోసుకు తిరగాలి కదా, మార్జిన్ చూసుకోడూ?

ముందు కాలం తేల్చుకుందాం. 'న.పై.' అంటే నయాపైసలు. అవి 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, 1964లో 'నయా' పోయి వట్టి పైసలయ్యాయి. కాబట్టి మీ ప్రతి దాదాపుగా ఆ ఏడేళ్లలోనిదే. అంతకు ముందుదైతే అణాల లెక్కలో 2-8-0 (రెండు రూపాయల ఎనిమిది అణాలు) అని వేసేవారు. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతదని అర్థం. వీసెలు, సోలలు, గిద్దలు లాంటి పాత కొలతలు కనిపించాయని మురిసిపోకండి, ఆ కొలతల్ని తర్వాతి ముద్రణల్లోనూ మార్చకుండా వదిలేసినవాళ్లున్నారు. ముందుమాట కింది తేదీ కూడా అంతే, తరచూ అది మొదటి ముద్రణది. మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' లాంటివి ఎన్నోసార్లు అచ్చయ్యాయి. పేరు పెద్దదే, కానీ తర్వాతి ముద్రణలు అరుదేమీ కావు.

మీ పుస్తకానికి అసలు దెబ్బ ముందు కాగితాలు లేకపోవడం. పేరు, ముద్రణ, ఎన్ని ప్రతులు వేశారు, అన్నీ అక్కడే ఉంటాయి. మిగతావైనా సరిగ్గా ఉన్నాయా చూడండి. పాత అచ్చులో ఎనిమిది లేదా పదహారు పేజీలకోసారి పేజీ అడుగున ఓ చిన్న అంకె ఉంటుంది, అది ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) నంబరు. వరుసలో ఒక అంకె దాటిపోయిందంటే ఒక ఫారం మొత్తం ఊడిపోయినట్టే. నా అనుభవంలో ఎక్కువగా చిరిగేది ఊరగాయల భాగం! పేరు తేలాలంటే సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికో, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికో పుస్తకం పట్టుకెళ్లి, అక్కడి పాత వంటల పుస్తకాలతో పోల్చి చూడండి.

బైండింగ్ మాత్రం వద్దు. బైండరు కుట్టాక మూడువైపులా కత్తెర మిషన్‌లో పెట్టి సమం చేస్తాడు. మీ అత్తగారి రాతలున్నది ఆ అంచుల్లోనే. సెల్లో టేపు కూడా అంటించకండి, కొన్నేళ్లకు పసుపు పచ్చ మరక మిగులుతుంది. నూనె మరకల జోలికి పోకండి, పోవు.

చేతిరాత ఉంటే ధర తగ్గించేవాళ్లు చాలామంది. నేను వాళ్లలో లేను. 'ఉప్పు ఎక్కువైంది, సగం చాలు' అని అచ్చు పుస్తకాన్ని దిద్దిన ఇల్లాలి ప్రతి దొరికితే శుభ్రమైన ప్రతి పక్కన పెట్టి అదే తీసుకుంటాను. కానీ ముందు పేజీలు లేనిదానికి వేలల్లో నేనూ ఇవ్వను. అమ్మాలనే ఉంటే ముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: పాత పుస్తకాల్లో వెండిరంగు పురుగులు తిరుగుతున్నాయి. ఎండలో పెట్టనా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఎండకు కాగితం పెళుసెక్కుతుంది. పొడిగా ఉన్న పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. తర్వాత గోడకు ఆనించకుండా అరలో పెట్టండి.