ఫీజు వచ్చేదాకా కార్డు గీకుతూ ఉంటే...

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాను. జెండర్, అభివృద్ధి అంశాల మీద సామాజిక విధాన కన్సల్టెంట్‌ని. ఎక్కువగా పొదుపు సంఘాల పథకాల ఎవాల్యుయేషన్ చేస్తాను. ఏడాదికి సుమారు 18 లక్షల ఫీజు వస్తుంది, కానీ నెలనెలా రాదు. అమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 55 వేలు, పర్సనల్ లోన్ ఈఎంఐ 17 వేలు, మ్యూచువల్ ఫండ్ల సిప్ 20 వేలు. ఆ ఫండ్లలో 3.2 లక్షలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 1.4 లక్షలు, మినిమమ్ కడుతున్నాను. బ్యాంకు వాళ్లు పర్సనల్ లోన్ మీదే ఇంకో 4 లక్షల అప్పు (టాప్-అప్) ఇస్తామంటున్నారు. తీసుకుని కార్డు తీర్చేసి, మిగిలింది షేర్లలో పెట్టమంటారా?

జవాబు: వద్దు. అప్పు తెచ్చి షేర్లు కొనడమేమిటండీ! 2010లో చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల సంక్షోభం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు చేసిన మహిళల గోడు విన్నాకే కదా, ఆ అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలకు ముకుతాడు వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. మీ టాప్-అప్ కూడా అదే బాపతు. అక్కడ వారానికో వాయిదా, మీకు నెలకోటి.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఉంది. కాంట్రాక్టుల మీద బతికేవాళ్లు చాలామంది 18 లక్షలను 12తో భాగించి, నెలకు లక్షన్నర జీతం అనుకుంటారు. మీ ఫీజు ఎలా వస్తుందో మీకే తెలుసు. పని మొదట్లో ఇచ్చే ఇన్సెప్షన్ రిపోర్టుకు కొంత, డ్రాఫ్టుకు కొంత, ఫైనల్ రిపోర్టు ఆమోదం పొందాక మిగతాది. ఆ ఆమోదం దగ్గరే బండి ఆగిపోతుంది. కామెంట్లు పంపాల్సిన అధికారి బదిలీ అయ్యారంటే మూడు నెలలు గోవిందా. ఈలోగా ఆదిలాబాద్ వెళ్లిన కారు, లాడ్జి బిల్లు, సర్వేకు వచ్చిన అమ్మాయిల భత్యం అన్నీ మీ కార్డు మీదే. అంటే పనిచ్చిన సంస్థకు మీరే వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. ఆ డబ్బు మీరు తెచ్చేది మాత్రం నెలకు మూడున్నర శాతానికి! 1.4 లక్షల మీద నెలకు 4,900 రూపాయలు వడ్డీకే పోతోంది.

ఇక పనే ఆగిపోతే? 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు సగం పనిలో ఉన్న కాంట్రాక్టులూ ఆగిపోయాయి. అంతకుముందే, 2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణతో, స్వచ్ఛంద సంస్థలు ఆ విరాళాల్లోంచి పెట్టే పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. ఉద్యోగులకైతే ఆరు నెలల ఖర్చు దాచుకోమంటాను. మీకు తొమ్మిది నెలలది ఉండాల్సిందే. ఈఎంఐతో కలిపి నెలకు 72 వేలు, అంటే సుమారు ఆరున్నర లక్షలు.

ఈ వారమే ఫండ్లలోంచి 1.4 లక్షలు తీసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. మిగిలిన 1.8 లక్షలనూ ఎఫ్‌డీలోకో లిక్విడ్ ఫండ్‌లోకో మార్చండి. అది మీ ఎమర్జెన్సీ ఫండ్. సిప్ ఆపండి. మనసు ఒప్పుకోదు, తెలుసు. కానీ 12 శాతం వస్తుందేమోనన్న ఆశతో ఏడాదికి 42 శాతం కడుతున్నారు మరి. ఆ 20 వేలకు కార్డు వడ్డీ మిగులు కలిపితే నెలకు 25 వేలు. ఏడాదిన్నర పైచిలుకులో ఫండ్ నిండుతుంది. ఫీజులో ముందే కోసిన పన్ను (టీడీఎస్) రిఫండ్ వస్తే అదీ ఇందులోకే. ఫీజులన్నీ ఒక ఖాతాలో పడనివ్వండి. ఒకటో తారీఖున అందులోంచి 72 వేలు ఇంటి ఖాతాకు మీరే జీతంలా వేసుకోండి. పొదుపు సంఘం ఆరు నెలలు పొదుపు చేశాకే బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు అప్పు, అని రిపోర్టుల్లో రాస్తారు కదా, మీ షేర్ల ముచ్చటకూ అదే రూలు: ముందు ఫండ్ నిండాలి.

టీడీఎస్ కోయకుండా ఏ విదేశీ సంస్థయినా పూర్తి ఫీజు వేస్తే, అందులో పన్ను వాటా ఉందని మరవకండి. అడ్వాన్స్ టాక్స్ మొదటి గడువు జూన్ 15. ఆరోగ్య బీమా మీకూ అమ్మగారికీ వేర్వేరుగా తీసుకోండి. ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) సంగతి ఫండ్ నిండాక చూద్దాం.

వచ్చే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఫీల్డ్ ఖర్చులు అడ్వాన్సుగా అడగండి. కుదరదంటే మొదటి విడత వాటా పెంచమనండి. మొహమాటపడితే ఆదిలాబాద్ కారు మళ్లీ మీ కార్డు మీదే ఎక్కుతుంది.