పంపు ఆపాక ఏం జరుగుతుందో కూడా లెక్కగట్టు

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన మోడల్ చూశాను. కుంగిన నేలలోకి పంపుతో గ్రౌట్, అంటే సిమెంటు ముద్ద, ఎక్కిస్తే నేల 12 మిల్లీమీటర్లు లేచిందని గ్రాఫు గీసి, అక్కడితో ఆపేశావు. అసలు కథ అక్కడే మొదలవుతుంది తల్లీ.

బంకమట్టి నీటిని ఓ పట్టాన వదలదు. పంపు నడిచే ఆ కాసేపూ మట్టి ఘనపరిమాణం మారదు, ఎక్కించిందంతా పైకి లేచినట్టే ఉంటుంది. కానీ ఆ ఒత్తిడిని మోసేది మట్టిలోని నీరు. అది నెలల తరబడి మెల్లగా జారుకుంటుంటే మట్టి కుంగుతుంది. తీరప్రాంతంలో మెత్తటి బంకమట్టి మీద ఒక గోదాము ఇలాగే లేపాం. ఆ సాయంత్రం గోడ పగుల్లో కాగితం ముక్క దూరలేదు. ఆర్నెల్లకు అదే పగుల్లో నా చిటికెనవేలు పట్టింది.

లండన్‌లో జూబిలీ లైన్ అనే భూగర్భ రైలు మార్గం తవ్వినప్పుడు బిగ్ బెన్ గడియారపు బురుజు మరీ ఒరగకుండా 1990లలో గ్రౌటింగే కాచింది. అక్కడి మట్టి ఒకప్పుడు ఎంతో బరువు మోసి గట్టిపడింది. దానిలో అడ్డ ఒత్తిడి నిలువు ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే గ్రౌట్ పరుపులా అడ్డంగా చీల్చుకుపోయి పైనున్నదాన్ని ఎత్తుతుంది. మెత్తటి మట్టిలో చీలిక నిలువుగా పోతుంది, ఎత్తడం తక్కువ. కాబట్టి మోడల్‌లో ముందు ఆ మట్టి గతం పెట్టు. మట్టి గతాన్ని లెక్కలోకి తీసుకునే మాడిఫైడ్ క్యామ్ క్లే సూత్రం వాడు, ఓసీఆర్ (మట్టి గతంలో మోసిన గరిష్ఠ ఒత్తిడి ఇప్పటిదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) విలువ ఊహించి వెయ్యకు, మట్టి నమూనాను నొక్కి ఎంత కుంగిందో కొలిచే ఈడోమీటర్ పరీక్ష నుంచి తీసుకో.

కంప్యూటర్ ముట్టుకోకముందే చేత్తో ఒక లెక్క వెయ్యి. మట్టిలో గ్రౌట్ ఒత్తిడికి ఉబ్బే స్తూపాకార రంధ్రం అనుకో. అన్‌డ్రైన్డ్ బలం (నీరు బయటికి పోకముందు మట్టికుండే బలం) 30 కిలోపాస్కల్స్, షేర్ మాడ్యులస్ (కోతకు మట్టి చూపే బిగువు) దానికి 100 రెట్లు అయితే, నేలలో ముందే ఉన్న ఒత్తిడికి పైన సుమారు 168 కిలోపాస్కల్స్ దగ్గర రంధ్రం ఇక ఆగకుండా విచ్చుకుంటుంది. అప్పటికి రంధ్రం వ్యాసార్థానికి పది రెట్ల దూరం దాకా మట్టి లొంగిపోయి ఉంటుంది. నీ మెష్ (మోడల్‌లో మట్టిని ముక్కలు చేసిన వల) అంచు అంతకన్నా చాలా దూరంగా ఉండాలి, ఇప్పుడు మరీ దగ్గరగా ఉంది.

సైటులో పంపు దగ్గర నిలబడి గేజి ముల్లు చూడు. ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారిగా పడిపోతే మట్టి చీలిందన్నమాట, ఉబ్బే రంధ్రం సూత్రం ఇక పనికిరాదు. ఆ గేజి అంకెను నేరుగా మోడల్‌లో పెట్టకు, గొట్టంలో రాపిడికి పోయే ఒత్తిడిని అందులోంచి తీసెయ్యి.

మట్టిలోని నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటర్ రీడింగులు దొరికితే వాటితో సరిచూడు. ఈసారి పంపే గ్రాఫులో కాలం నిమిషాల్లో వద్దు, రోజుల్లో వెయ్యి. ఆర్నెల్లు దాటాలి.

పెదనాన్న